రెండో పిడికెడు

9 సెప్టెంబరు 1962, ఆదివారం

మీరన్నది తప్పు, అయ్యవారూ. దావీదు పుట్టినప్పుడొకసారి, యోబు పుట్టినప్పుడొకసారి, నా మంచం పక్కన కూర్చుని "సువార్తా, నీకిక ముసలితనం బెంగ లేదు, ఇద్దరు కొడుకులంటే రెండు పింఛన్లు" అన్నారు. లెక్కల అయ్యవారు కదా అని నమ్మాను. పింఛను అడగకుండా నెలనెలా వస్తుంది. వచ్చి మన దగ్గరే చెయ్యి చాపదు. మీరు లెక్కగట్టిన రెండు పింఛన్లలో ఒకటి గూడూరులో రైల్వే ఉద్యోగం చేస్తూ ఏడాదికొక ఉత్తరం రాస్తుంది. రెండోది ఇప్పుడే చేపలపులుసుతో అన్నం తిని వసారాలో గుర్రుపెడుతోంది.

మీరు పోయిన ఇన్నేళ్ళకు మీకు జవాబు చెప్పాలని ఎందుకనిపించిందంటే, ఇవాళ ఆరాధన అయ్యాక బడి మేనేజరుగారు ఆగి, "వచ్చే ఏప్రిలుకు మీకు యాభై అయిదు నిండుతాయి కదమ్మా, ఇక విశ్రాంతి" అని నవ్వారు. విశ్రాంతి అనే మాట నాకు పిల్లల చేత డిక్టేషను రాయించడానికి తప్ప ఇంతవరకు దేనికీ పనికిరాలేదు.

బడిలో మిగిలిపోయిన కాపీ పుస్తకం ఇది. ఎవరూ చదవరు. మీరు కూడా చదవరు. అదే సుఖం.

17 సెప్టెంబరు

బడి గుమాస్తా హజరత్తయ్య నా సర్వీసు కాగితాలు తిరగేసి తల గోక్కున్నాడు.

"మీ సర్వీసు మూడు ముక్కలుగా ఉండాదమ్మా."

ఉండదా మరి. దావీదు కడుపులో పడగానే ఒక రాజీనామా, యోబుకు ఒక రాజీనామా. ఆ రోజుల్లో కడుపుతో ఉన్న పంతులమ్మ నల్లబల్ల ముందు నిలబడకూడదు. నిలబడితే ఎక్కాలు తప్పుతాయో, పిల్లలు చెడిపోతారో ఎవరూ చెప్పలేదు. బిడ్డ పాలు మానాక మళ్ళీ కొత్తదానిలాగా చేర్చుకునేవారు. మానేసినప్పుడల్లా జీతంలో పట్టిన ప్రావిడెంటు ఫండు చేతిలో పెట్టి పంపేవారు. మొదటి ముక్క ఇంటి కప్పయింది. రెండో ముక్క మీ తమ్ముడి పెళ్ళి భోజనాలయింది. బాగా తిన్నారని గుర్తు.

కొత్తగా పింఛను వచ్చిందట గాని, తెగిన సర్వీసుకు ఇస్తారో ఇవ్వరో చెప్పలేనన్నాడు హజరత్తయ్య. ఇవ్వరని అతని ముఖం చెప్పింది.

మీరు ఏ కాన్పుకూ రాజీనామా ఇవ్వలేదు. మీది ఒకే ముక్క.

నాకు మిగిలింది మూడో ముక్క. నా ముసలితనమంతా అందులోనే సరిపెట్టుకోవాలి.

2 అక్టోబరు

కామమ్మ చేపల గంప దించగానే చూశాను. ఎడమ చెవి బోడిగా ఉంది. ఆ చెవికి నేను ఈ పాళెం వచ్చిన నాటినుంచీ బంగారు కమ్మ ఉండేది.

"ఏమైంది కామమ్మా, ఆ చెవికి?"

"వలైంది."

"వలేంది?"

"పోలేరయ్యకు నైలాను వల కావాలంట అయ్యోరమ్మా. అందరూ కొంటాండారు, నేనొక్కణ్ణే నూలువలేసుకోని కూసోవాల్నా అని మూడురోజులు కూడు మానేసినాడు. కొడుకు కూడు మానేస్తే నాకెట్ట దిగతాది? చెవి ఊడదీసి ఇచ్చినా."

"రెండోది జాగ్రత్త."

"ఇది నా ముసిలితనానికి. ఇదడిగితే చెవితో సహా కోసుకోమన్నా." ఆమె కుడిచెవి కమ్మను రెండు వేళ్ళతో తిప్పి చూసుకుంది. "నీకేంలే, దొడ్డమ్మవి. డబ్బు మూటిస్తారంట గదా నీకు."

పాళెమంతటికీ తెలిసిపోయింది. ఎంత వస్తుందో నాకు తెలియకముందే చేపలు పట్టే పట్టపోళ్ళకు తెలిసింది.

11 అక్టోబరు

గూడూరు నుంచి దావీదు ఉత్తరం. నా మోకాళ్ళ గురించి రెండుసార్లు అడిగాడు. నాకు మోకాళ్ళున్న సంగతి వాడికి ఇంతకుముందు తెలియదు.

4 నవంబరు

మొదటి ఆదివారం. చర్చి తరపున ఇంటింటికీ తిరిగే బైబిలు స్త్రీ వచ్చి దేవుని కుండలో బియ్యం పట్టుకుపోయింది. నేను పెళ్ళయి వచ్చిన రోజునుంచీ, అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి ఆ కుండలో వేస్తూనే ఉన్నాను. యోబు పెళ్ళయ్యాక ఆ పిడికిలి కోడలు సమాధానం చేతికి అప్పగించాను. ఆ పిల్ల ఒక్కపూట మరిచిపోలేదు. కోడలి గురించి మంచిమాట ఇన్నాళ్ళకు రాశాను. ఇక్కడితో చాలు.

20 నవంబరు

ముసురు. సముద్రం మీదికి ఎవరూ పోలేదు. గాలికి ఒడ్డునున్న పోలేరయ్య తెప్ప విరిగింది, కొత్త వల దానితోనే పోయింది.

6 డిసెంబరు

కామమ్మ కుడిచెవి కూడా బోడి. రెండు చెవుల కన్నాల్లోనూ వేపపుల్లలు గుచ్చుకుంది.

"అవెందుకే?"

"కన్నాలు పూడిపోతే మళ్ళా కమ్మలొచ్చినప్పుడు యాడ పెట్టుకొనేది?"

13 జనవరి 1963

యోబు నోరు విప్పాడు. పదిరోజులుగా నా కాళ్ళ దగ్గర కూర్చుంటుంటే అనుకుంటూనే ఉన్నాను. ఓర్పుకు పేరుపడ్డ భక్తుడి పేరు పెట్టాం వీడికి. ఆ పేరు పెట్టినందుకు ఆ భక్తుడు ఇంకొకసారి ఓర్చుకుంటున్నాడు.

"అమా, అల్లాబక్షన్న మండీలో గుమాస్తాగా ఎన్నాళ్ళని రాయను? ఎండుచేప నెల్లూరికి తోలేదానికి ఆయన లారీ కొంటాండాడు. సగం మనం పెడితే సగం మనది."

"ఏ సగం? ముందుదా, వెనకదా?"

"నీకంతా ఎగతాళే."

"ఎగతాళేముందిరా. ఇసకలో దిగబడేది వెనక సగమే కదా."

వాడు నవ్వలేదు. "నీ డబ్బు పోస్టాఫీసులో పెట్టుకో, ఎవురొద్దన్నారు. రేపు నువ్వు మంచాన పడితే నీకు నీళ్ళెవురు తాపిస్తారు? నేనా, పోస్టాఫీసా?"

నేను జవాబు చెప్పలేని ప్రశ్న ఇంట్లో ఎవరైనా అడగడం మీరు పోయాక ఇదే మొదలు.

14 జనవరి

ఇవ్వను. నిర్ణయం అయిపోయింది. ఇక దీని గురించి రాయను.

15 జనవరి

ఇస్తే మాత్రం ఏమవుతుంది, అని ఆలోచిస్తున్నాను. ఆలోచించడం ఇవ్వడం కాదు.

3 ఫిబ్రవరి

సమాధానం చిక్కిపోయింది. జాకెట్టు చేతులు వదులయ్యాయి. అన్నం చివర్లో తింటుంది కనుక ఎంత తింటుందో ఎవరూ చూడరు. మళ్ళీ నెల తప్పిందేమోనని యోబును అడిగితే వాడికి తెలియదట. ఆమెనడిగితే తల అడ్డంగా ఊపింది. ఆ పిల్లను మాట్లాడించడం కన్నా గేదె చేత పద్యం అప్పజెప్పించడం తేలిక.

24 మార్చి

యోబు కూతురు కరుణాకుమారి నా జడలో పేలు చూస్తూ అంది: "అవ్వా, మా అమ్మ మంచిది. దేవుడికి రెండు పిడికెళ్ళు తీస్తాది."

రెండా? దేవుని కుండ మూత తీసి చూశాను. ఎప్పుడూ ఉండేటంతే ఉంది. రెండో పిడికెడు దేవుడికి చేరడం లేదు.

ఎక్కడికి చేరుతోందో నాకు తెలుసు. కోట ఊళ్ళో, సమాధానం పుట్టింట్లో తమ్ముళ్ళు నలుగురు.

25 మార్చి

అడగలేదు. సమాధానం వింటుండగా కామమ్మతో అన్నాను: "కొందరి పుట్టిళ్ళు పెళ్ళయి ఏళ్ళు గడిచినా మన గాదె మీదే బతుకుతాయి."

సమాధానం చేట పట్టుకుని అలాగే నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని జారలేదు. తప్పు చేసినవాళ్ళు అలాగే నిలబడతారని అనుకున్నాను.

30 ఏప్రిలు

బడిలో సన్మానం. దండ, కొబ్బరికాయ, టైంపీసు. ఇక టైముతో పనిలేని వాళ్ళకు టైంపీసు ఇవ్వడం ఆచారం. ఎవరో పాట పాడారు. మేనేజరుగారు నన్ను "తల్లి" అన్నారు. కడుపుతో ఉన్నప్పుడు రాజీనామా రాయించుకున్న మేనేజరు ఈయన కాదులెండి, పాపం. ఆ కుర్చీ మాత్రం అదే.

ఇంటికొచ్చి టైంపీసుకు కీ ఇచ్చి, రేపు పొద్దున్నే బడికి లేవడానికి అలారం పెట్టుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. తీసేశాను.

6 ఆగస్టు

నెల్లూరుకు నాలుగోసారి పోయివస్తే డబ్బు చేతికొచ్చింది. ఎంతో రాయను. మీకు చెబితే తమ్ముడికో ఎవరికో అవసరం ఉందంటారు.

బస్సులో సంచీని ఒళ్ళో బిడ్డలాగా పట్టుకున్నాను. పక్కనున్న ఆమె "కడుపులో నొప్పా అవ్వా?" అంది.

7 ఆగస్టు

పొద్దున్నే యోబు నా మోకాళ్ళకు నూనె కాచి తెచ్చాడు. తనే రాశాడు. చేతులు మీ చేతులే. సాయంత్రం సోడా తెచ్చాడు. రాత్రి కంచం ముందు "అమా, శుక్రవారం అల్లాబక్షన్నను రమ్మన్నా" అని తల వంచుకున్నాడు.

సరేనన్నాను.

బాగా ఆలోచించే అన్నాను. మంచాన పడ్డప్పుడు నీళ్ళు తాపేది వాడే కదా. పోస్టాఫీసుకు చేతులు లేవు. అంతేగాని నూనె రాశాడని కాదు. సోడాకు అసలే కాదు.

సమాధానం అన్నం వడ్డిస్తూ ఆగి నా ముఖంలోకి చూసింది. ఎప్పుడూ చూడదు.

9 ఆగస్టు, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను, అయ్యవారూ. మీరు ఒకచోట కూర్చుని వినండి.

అల్లాబక్షు జుమ్మా నమాజు అయ్యాక వస్తానన్నాడు. పదిగంటలకు సమాధానం నీళ్ళకు పోయింది. గేదె అరుస్తుంటే కుడితిలో కలుపుదామని తవుడు కుండలో చెయ్యి పెట్టాను. తవుడు కింద గుడ్డ తగిలింది. లాగితే బరువుగా వచ్చింది. నా పాత చీర చెంగు చింపి కట్టిన మూట. విప్పాను.

బియ్యం. దాదాపు ఏడాది బియ్యం. అవి నడుస్తున్నాయి. నిజంగా నడుస్తున్నాయి, ముక్కుపురుగులు పట్టి, సగం పిండైపోయి, బూజు వాసన.

గుమ్మంలో బిందె దించిన చప్పుడైంది. సమాధానం నన్నూ మూటనూ చూసి కూలబడింది.

"కోటకు పంపడానికేనా?" అన్నాను. అంటూనే అనుమానం వచ్చింది. పంపేదైతే ఏడాది ఎందుకు ఉంచుతుంది?

"మా పుట్టింటికి గింజ పంపలేదత్తా."

"మరెవరికి?"

"నాకు."

"నీకేం తక్కువైందే ఇప్పుడు?"

"ఇప్పటికి కాదు. ముసిలిదాన్నయినాక." ఆ పిల్ల పెళ్ళయి వచ్చాక ఇన్ని మాటలు ఒక్కసారి అనడం నేను వినలేదు. "దేవుడి పిడికెడు నేను ముట్టుకోలేదు. ఇంట్లో ఎవురి కూడూ తగ్గించలేదు. నా కంచంలోదే తీసినా. మీ రాజీనామాల సంగతి ఆ గుమాస్తా చెప్పినరోజు మీరు వాకిట్లో కూసోని నవ్వుతా చెప్పినారే కామమ్మకు. నేను లోపల నవ్వలేదత్తా. చదువుకున్నారు, ఇన్నేళ్ళు ఉద్యోగం చేసినారు, మీ దగ్గరే ఏమీ నిలవలేదు. నాకు ఉద్యోగం లేదు. రెండు పింఛన్లు గూడా లేవు, ఒక్క ఆడపిల్ల. నాకేం నిలస్తాది?"

మీ మాట ఈ ఇంట్లో ఎంత దూరం వినిపించిందో చూడండి.

"మరి నెలనెలా అమ్మి డబ్బు చేసుకోకపోయావా?"

"అమ్మితే తెలిసిపోదా? ఎవురికీ తెలీకూడదని దాచినా. దాచినచోటే పురుగు పట్టింది."

అది చెప్పినప్పుడు ఏడ్చింది. మార్చిలో నేనన్న మాటకు ఏడవని మనిషి ఆ పురుగు బియ్యం చూసి ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. చేట తెచ్చి చెరగడం మొదలుపెట్టాను. కాసేపటికి తనూ ఇంకో చేట తెచ్చింది.

అల్లాబక్షు వచ్చేసరికి ఇద్దరి నెత్తుల మీదా తవుడే. నా దగ్గర మూడో తరగతి చదివిన పిల్లవాడు, ఇప్పుడు గడ్డం నెరిసింది. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, టోపీ సర్దుకున్నాడు.

"పంతులమ్మా, ఒకమాట. మీరు ఇష్టపడే ఇస్తాండారు గదా? యోబు చెప్పినాడు గానీ, మీ నోట వినాల."

"ఇవ్వడం లేదు నాయనా."

యోబు లేచి నిలబడ్డాడు. "అమా! మొన్న సరేనన్నావు!"

"మొన్నటికి నాకు పురుగు సంగతి తెలియదు."

"ఏం పురుగు? ఏమంటాండావు నువ్వు?"

అల్లాబక్షు చేటల వంక చూసి, సమాధానం వంక చూసి, తల దించుకున్నాడు. నవ్వొచ్చినట్టుంది. "పోనీలే యోబూ. మా అమ్మను ముందడిగినా నేను. నా కడియాలు నేను పోయినాక కాళ్ళకాణ్ణించి తీసుకో అనింది. అందుకే మీ ఇంటికొచ్చినా. అమ్మలందరూ ఒక్క బళ్ళో చదువుకున్నట్టుండారు."

ఆయన టీ తాగి వెళ్ళాడు. యోబు తాగకుండా వెళ్ళాడు.

10 ఆగస్టు

యోబు రాలేదు. మండీలో పడుకున్నాడట.

11 ఆగస్టు

రాలేదు. చర్చికి కూడా రాలేదు. ఇచ్చి ఉండాల్సిందేమో.

12 ఆగస్టు

లేదు. ఇవ్వకపోవడమే సరి.

13 ఆగస్టు

కామమ్మ చేత వంజరం చేప తెప్పించుకున్నాను. పులుసు వాసన మండీదాకా పోతుందని తెలుసు. చీకటి పడకముందే యోబు వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. వంటింట్లో దేవుని కుండ పక్కన బియ్యం పోసిన జాడీ చూసి ఆగాడు.

"ఇదేంది?"

"దేవునిది."

"తెలుసు. ఆ పక్కది?"

"నీ పెళ్ళాం ముసలితనానిది. రోజూ అందరి అన్నంలోనుంచీ పిడికెడు, ఎసట్లో పొయ్యకముందే. నెలాఖరుకు కామమ్మ కొనుక్కుపోతుంది. ఆ డబ్బు ఆమె పేర పోస్టాఫీసులో పడుతుంది."

"నేను లేనా దానికి?"

"ఉన్నావు నాయనా. నువ్వుండగానే అది ముసలిదవుతుంది."

వాడు నన్ను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. సమాధానం తల వంచలేదు. పీట లాక్కుని కూర్చున్నాడు. "అయితే నాకు రేపట్నుంచి ఒక ముద్ద తక్కువన్నమాట" అన్నాడు.

"నీ పొట్టకు ఆ ఉపకారం ఎవరో ఒకరు చెయ్యాల్సిందే" అన్నాను.

సమాధానం నవ్వింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, కానీ నవ్వింది. ఇవాళ నా పక్కనే కంచం పెట్టుకుని తిన్నది. నేను లెక్కపెట్టలేదు గాని, మూడుసార్లు వడ్డించాను.

19 ఆగస్టు

విడవలూరు పోస్టాఫీసులో నా డబ్బు నా పేర వేశాను. "మీ తర్వాత ఎవరికమ్మా?" అన్నాడు పోస్టుమాస్టరు. కోడలికన్నాను.

"కొడుకులు లేరా?"

"ఉన్నారు. అందుకే కోడలికంటున్నాను."

యోబు అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు దొరకలేదు. మంచాన పడితే నీళ్ళు పోస్టాఫీసు తాపదు. తాపేది సమాధానమే అని నాకు ముందునుంచీ తెలుసు. వాడికీ తెలుసు. ఆ ప్రశ్నలో ఆ పిల్ల పేరు మాత్రం మేమిద్దరమూ ఎత్తలేదు. ఇంతకాలం పిల్లలకు వ్యాకరణం చెప్పినదాన్ని, పని ఒకరిది, పేరు ఇంకొకరిది అని నాకు తట్టలేదు.

చెరగ్గా మిగిలిన బియ్యాన్ని కామమ్మ తీసుకుని బదులు ఎండుమెత్తళ్ళు ఇచ్చింది. చెవుల్లో వేపపుల్లలు కొత్తవి.

25 ఆగస్టు, ఆదివారం

సమాధానం పిడికెడుకు ఇప్పుడున్నది ఊరగాయ జాడీ. వెడల్పు మూతి, ఎవరి చెయ్యైనా పడుతుంది. అప్పుడే నిన్న యోబు పిల్లికి ఇస్తానని గుప్పెడు తీశాడు. మనకు పిల్లి లేదు. మీరుంటే కుమ్మరి రమణయ్య దగ్గరికి మిమ్మల్నే పంపేదాన్ని, మీరు ఇంకా పెద్దమూతి కుండ తెచ్చి ఎంత చవకో చెప్పేవారు. కాబట్టి రేపు పొద్దున కామమ్మతో చెప్పవలసినవి, మరిచిపోకుండా:

విడవలూరు పోతూ రమణయ్య ఇంటి ముందు ఆగాలి. కుండలు రెండు, బాగా కాలినవి, మట్టి మూతలతో. సమాధానం ఎడమచేతి గాజు ఒకటి తీసి ఇస్తాను. మూతి సరిగ్గా ఆ గాజంతే ఉండాలి, ఆ చెయ్యి పట్టాలి, యోబు చెయ్యి పట్టకూడదు. రెండోది నాకు. నా గాజులు మీతోనే పోయాయి కనుక దానికీ ఆ కొలతే. గాజును గంపలో చేపల కింద పడెయ్యకుండా, కొంగున ముడేసుకుని తీసుకుపోయి, పగలకుండా మళ్ళీ తేవాలి.